రూపాయి పడితే ఐటీ షేర్లు కొనొచ్చా? ముందు ఆ కంపెనీకి డబ్బులిచ్చేది ఎవరో చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. డాలర్ 90 రూపాయలు దాటింది, అమెరికాలో వడ్డీలు తగ్గిస్తున్నారు, రెండూ ఐటీ కంపెనీలకు మంచివేనని వీడియోల్లో చెప్తే విని రెండు పెద్ద ఐటీ షేర్లు కొన్నావు, రేణిగుంట శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలు వరసగా లేస్తున్నాయి గదా అని ఒక ఎలక్ట్రానిక్స్ షేరు కూడా కొన్నావు, ఏడాదైనా మూడూ కదల్లేదు, అసలు దేశం పరిస్థితి, ప్రపంచం పరిస్థితి చూసి టెక్నాలజీ షేరు ఎంచుకోవడం అనేది కుదిరే పనేనా అని. కుదురుతుంది. కానీ వార్తకీ షేరుకీ నేరుగా ముడి వేస్తే కుదరదు, ఆ రెంటి మధ్యలో ఒక మనిషి ఉంటాడు, వాడు ఆ కంపెనీకి డబ్బులు కట్టే కస్టమర్. వాడి జేబు సంగతి తెలీకుండా వడ్డీ రేటు తెలిసినా, డాలర్ రేటు తెలిసినా ఏం లాభం లేదు. నేను చెప్పాలనుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి లెక్కలు.

నేను చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలో 22 ఏళ్ళు అకౌంట్స్ చూశాను, షేర్లు కొనడం 1999లో మొదలుపెట్టాను, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా. సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న సలహాదారుని కాదు, నేను చెప్పేది నా అనుభవం, డబ్బు నీది కాబట్టి నిర్ణయం నువ్వే చేసుకోవాలి.

ముందు ఆ రూపాయి సంగతి తేల్చేద్దాం. 2013లో రూపాయి 55 దగ్గర్నుంచి ఆగస్టు నెలాఖరుకి 68 దాకా పడింది, ఆ ఏడాది ఐటీ షేర్లు బ్రహ్మాండంగా పెరిగాయి. నువ్వు విన్న సూత్రం పుట్టింది అప్పుడే అనుకో. 2022లో రూపాయి 74 చిల్లర నుంచి 82 దాటిపోయింది, మరి పెద్ద ఐటీ షేర్లన్నీ కలిపి లెక్కేసే నిఫ్టీ ఐటీ సూచీ నాలుగో వంతు పడిపోయింది. 2025లో రూపాయి 85 చిల్లర నుంచి 90కి వచ్చింది, ఫెడ్, అంటే మన ఆర్బీఐ లాంటి అమెరికా సెంట్రల్ బ్యాంకు, మూడు సార్లు వడ్డీ తగ్గించి 3.50–3.75 శాతానికి తెచ్చింది, అంటే నువ్వు చెప్పిన రెండు మంచి సంగతులూ ఒకే ఏడాదిలో జరిగాయి, అయినా ఆ సూచీ నష్టంతోనే ముగిసింది. ఒకే వార్తకి మూడు సార్లు ఒకే ఫలితం రాలేదంటే ఆ వార్త ఒక్కటీ షేరుని నడపడం లేదనే గదా అర్థం. 2013లో అమెరికా కోలుకుంటా ఉంది, అక్కడి కంపెనీలు మళ్ళీ చేతులు విప్పి ఖర్చు పెడుతున్నాయి, దానికి తోడు రూపాయి కలిసొచ్చింది. 2025లో ఏప్రిల్ 2న ట్రంప్ బయట్నుంచి వచ్చే సరుకు మీద పన్నులు, అంటే టారిఫ్‌లు ప్రకటించేసరికి అక్కడి కంపెనీలకు రేపు తమ సరుకు రేటు ఎంతో తమకే తెలీని పరిస్థితి, కొత్త ప్రాజెక్టులు తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టారు, సెప్టెంబర్‌లో మనవాళ్ళు అక్కడికి పనికి పోయే హెచ్-1బీ వీసాకి కొత్త పిటిషన్ వేస్తే దాని మీద లక్ష డాలర్ల ఫీజు అన్నారు, ఏఐ వచ్చాక ఇంత మంది మనుషులు దేనికి అని రేట్ల దగ్గర బేరాలు మొదలయ్యాయి. రూపాయి ఎంత పడితే మాత్రం ఏం చేస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, ఫ్యాక్టరీలో కళ్ళారా చూశా. మా అకౌంట్స్ రూములో గోడకి ఒక నల్లబోర్డు ఉండేది, పొద్దున్నే బ్యాంకుకి ఫోన్ చేసి ఆరోజు డాలర్ రేటు కనుక్కుని సుద్దతో రాసేవాళ్ళం. రూపాయి పడిన రోజు మా ఓనరు ముఖం వెలిగిపోయేది, పాత ఆర్డర్లకి డబ్బు ఎక్కువొస్తుంది గదా. ఓ నెల తిరిగేసరికి గల్ఫ్ బయ్యరు ఫోన్ చేసేవాడు, కొత్త కాంట్రాక్టు మాట్లాడదాం, మీకు రూపాయి కలిసొచ్చింది గదా, టన్నుకి కొంచెం తగ్గించండి అని. వాడి టేబుల్ మీద కూడా అదే రేటు ఉంటుంది. మనం తగ్గించకపోతే మన పక్క ఫ్యాక్టరీ తగ్గిస్తుంది, వాళ్ళకీ అదే రూపాయి పడింది మరి. ఆఖరికి ఆ లాభంలో సగం సౌదీకో నెదర్లాండ్స్‌కో పోయేది, మిగిలిన దాంట్లోంచి రేకు డబ్బాల ఖర్చు, డీజిల్ ఖర్చు పెరిగి ఇంకొంత పోయేది.

సాఫ్ట్‌వేర్‌లో కూడా అచ్చం ఇదే. ఒక లెక్క వేసి చూపిస్తా, కాగితం తీసుకుని నువ్వూ వెయ్యి. ఒక కంపెనీకి 100 డాలర్ల ఆదాయం అనుకో, అందులో 40 డాలర్లు అమెరికాలో ఉండే మనుషుల జీతాలకి, అక్కడి ఖర్చులకి పోతుంది, ఇక్కడ బెంగుళూరు హైదరాబాదు ఖర్చు 3,000 రూపాయలు. డాలర్ 80 ఉన్నప్పుడు ఆదాయం 8,000, అక్కడి ఖర్చు 3,200, ఇక్కడిది 3,000, మిగిలేది 1,800. ఇప్పుడు డాలర్ 88 అయింది, ఆదాయం 8,800, అక్కడి ఖర్చు 3,520, ఇక్కడిది అదే 3,000, మిగిలేది 2,280. ఆహా అనిపిస్తుంది. యూట్యూబ్ వీడియో ఇక్కడితో అయిపోతుంది. కానీ కస్టమర్ 5 శాతం తగ్గించమన్నాడు, 95 డాలర్లే వచ్చింది, అంటే 8,360. ఇక్కడ జీతాలు 8 శాతం పెంచాల్సొచ్చింది, 3,000 కాస్తా 3,240 అయింది. మిగిలేది 1,600. రూపాయి పది శాతం పడినా లాభం 1,800 నుంచి 1,600కి తగ్గింది చూడు. ఇది కాక కంపెనీలు డాలర్లని ముందే ఒక రేటుకి కట్టేసుకుని ఉంటాయి, హెడ్జింగ్ అంటారు, దానివల్ల రూపాయి లాభం వెంటనే పూర్తిగా రాదు కూడా. కాబట్టి రిజల్ట్స్ చూసేటప్పుడు రూపాయల్లో పెరిగిన శాతం చూసి మురిసిపోవద్దు, కాన్‌స్టంట్ కరెన్సీ గ్రోత్ అని విడిగా ఇస్తారు, కరెన్సీల ఆట తీసేస్తే పని ఎంత పెరిగిందో అదొక్కటే చెప్తుంది. నేను ముందు చూసేది ఆ నెంబరే.

మరి ఆ కస్టమర్ ఎవరు? మన పెద్ద ఐటీ కంపెనీలకి దాదాపు సగం లేదా అంతకన్నా ఎక్కువ ఆదాయం ఉత్తర అమెరికా నుంచి వస్తుంది, ఆ తర్వాత యూరప్. రంగం వారీగా చూస్తే చాలా కంపెనీలకి అన్నిటికన్నా పెద్ద ముక్క బ్యాంకులు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు వాళ్ళది. అంటే నువ్వు తిరుపతిలో కూర్చుని ఒక ఐటీ షేరు కొంటే నిజానికి అమెరికాలో ఒక బ్యాంకు మేనేజ్‌మెంటు వచ్చే ఏడాది కంప్యూటర్ల మీద ఎంత ఖర్చు పెడుతుందో దాని మీద పందెం కడుతున్నావు. 2023 మార్చి 10న అక్కడ సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడింది. అదేదో స్టార్టప్‌ల బ్యాంకు, మనకేంటి అనుకున్నారు చాలామంది. వడ్డీలు గబగబా పెంచడంతో వాళ్ళ దగ్గరున్న పాత బాండ్ల విలువ పడిపోయింది, డిపాజిటర్లు భయపడి డబ్బు లాగేశారు, ఆ భయం చిన్న బ్యాంకులన్నిటికీ పాకింది. భయపడిన బ్యాంకు మొదట ఆపేది కొత్త సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టే. నెల తిరిగేసరికి ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్ ఆ ఏడాదికి 4 నుంచి 7 శాతమే పెరుగుతాం అని చెప్పింది, షేరు దబ్బున పడింది, జులైలో దాన్నే 1 నుంచి 3.5 శాతానికి దించింది. మార్చిలో ఆ బ్యాంకు వార్త చదివి, మన కంపెనీలకి కస్టమర్లు ఎవరో తెలిసున్నవాడికి జులై వార్త కొత్తగా అనిపించలేదు.

ఆ రోజుల్లో మా వీధిలో ఒక పిల్లోడికి కాలేజీలో ఉద్యోగం వచ్చింది, ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, పది నెలలైనా జాయినింగ్ డేటు రాలేదు. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చి అన్నా ఏమంటావు, వేరే కోర్సు చేర్పించేదా అని అడిగేవాడు. కంపెనీ పేరు అనవసరం, అప్పుడు చాలా చోట్ల అదే పరిస్థితి. ఆ పిల్లోడి బాధ చూసి మనసు కష్టపడ్డా, ఇన్వెస్టరుగా మాత్రం అందులో ఒక సంగతి ఉంది: తీసుకున్న వాళ్ళకే పని లేదంటే కొత్త పని రావడం లేదు. కంపెనీ మీడియాతో డిమాండ్ బాగుంది అన్నా సరే, మనుషుల లెక్క అబద్ధం చెప్పదు. ప్రతి మూడు నెలలకీ మొత్తం ఉద్యోగుల సంఖ్య, అట్రిషన్ అంటే మానేసి పోయేవాళ్ళ శాతం ఇస్తారు, అవి రాసి పెట్టుకో. 2021–22లో ఇన్ఫోసిస్ అట్రిషన్ 27 శాతం దాటింది, అంటే జనానికి బయట ఉద్యోగాలు దండిగా ఉన్నాయి, కంపెనీలకి పని ఎక్కువ, మనుషులు తక్కువ. అప్పుడు ఆదాయం బాగా పెరిగినా జీతాలు పెంచీ పెంచీ లాభం శాతం తగ్గింది. కాబట్టి అట్రిషన్ ఎక్కువైనా లాభానికి దెబ్బే, మరీ తగ్గిపోయినా డిమాండ్ లేదని అనుమానించాలి. ఇప్పుడైతే ఏఐ వల్ల ఈ లెక్క కొంచెం మారుతోంది, మనుషుల్ని పెంచకుండా ఆదాయం పెంచే కంపెనీ రావొచ్చు, అది నిజంగా జరిగితే ఉద్యోగి ఒక్కరికి వచ్చే ఆదాయం పెరుగుతా కనబడాలి, కనబడకపోతే అవి ఉట్టి మాటలు.

ఇంకోటి, కస్టమర్ ఖర్చు అంతా ఒకటి కాదు. మన ఇంట్లోనే చూడు, కరెంటు బిల్లు కట్టక తప్పదు, హాల్లో కొత్త సోఫా అయితే వచ్చే సంక్రాంతికి చూద్దాం అంటాం. బ్యాంకుకి పాత సిస్టమ్స్ నడపడం కరెంటు బిల్లు లాంటిది, కొత్త యాప్, కొత్త డేటా ప్రాజెక్టు సోఫా లాంటివి. వీటినే వాళ్ళు డిస్క్రిషనరీ స్పెండింగ్ అంటారు. పరిస్థితి గట్టిగా ఉన్నప్పుడు సోఫా పనులు ఎక్కువ చేసే మిడ్‌క్యాప్ కంపెనీలు ఎగిరిపోతాయి, పరిస్థితి బిగుసుకుంటే అవే ముందు పడతాయి. అదే సమయంలో నా ఖర్చు 20 శాతం తగ్గించి పెట్టండి, ఐదేళ్ళు మొత్తం మీకే ఇస్తా అనే పెద్ద డీల్స్ బయటికొస్తాయి, అవి పెద్ద కంపెనీలకే పోతాయి. పేపర్లో డీల్ విలువ చూస్తే కళ్ళు తిరుగుతాయి, కానీ అది ఐదేళ్ళకో ఏడేళ్ళకో పంచాల్సిన మొత్తం, పైగా మార్జిన్, అంటే వందకి మిగిలే లాభం, తక్కువ, అందులో కొంత పాత పనే మళ్ళీ రాయించుకున్నది ఉంటుంది. డీల్స్ రికార్డు స్థాయిలో వచ్చినా ఆదాయం ఎందుకు పెరగలేదు అని 2023, 2024లో జనం బుర్ర గోక్కున్నది ఇందుకే, ఒక పక్క కొత్తది వస్తుంటే ఇంకో పక్క చిన్న చిన్న ప్రాజెక్టులు కారిపోతున్నాయి.

ఇక వడ్డీ రేట్లు. వడ్డీ తగ్గితే టెక్ షేర్లు ఎందుకు పెరుగుతాయంటారో ఎవరూ సరిగ్గా చెప్పరు. మన చీటీ పాటతో చెప్తా. ఇరవై నెలల చీటీలో జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు పాట చూశావా, డబ్బు అవసరం ఉన్నోళ్ళు ఎక్కువ, లక్ష చీటీని చాలా తగ్గించి పాడుకుంటారు. అదే చేతిలో డబ్బు ఆడే నెలలో పాట మీదికి ఎవరూ ఎగబడరు. రేపొచ్చే లక్షకి ఈరోజు విలువ ఎంత అనేది డబ్బు ఎంత బిగుతుగా ఉందో దాన్ని బట్టి మారుతుంది. షేరు కూడా రేపొచ్చే లాభాల చీటీనే. పదేళ్ళ తర్వాత వచ్చే 100 రూపాయలకి 6 శాతం వడ్డీ లెక్కన ఈరోజు విలువ 56 రూపాయలు, 9 శాతం లెక్కన 42. అదే ఒక్క ఏడాది తర్వాత వచ్చే 100కి అయితే 94, 92. తేడా చూడు, దగ్గర్లో లాభం వచ్చే కంపెనీకి వడ్డీ పెరిగినా గీత పడినంత, దూరంలో లాభం వస్తుందని చెప్పే కంపెనీకి నాలుగో వంతు ఎగిరిపోతుంది. టీసీఎస్ లాంటిది ఈ ఏడాదే చేతిలో నగదు చూపించి డివిడెండ్ పంచుతుంది, దానికి వడ్డీ రేటు కన్నా కస్టమర్ బడ్జెట్టే ముఖ్యం. ఇంకా లాభం చూడని ఇంటర్నెట్ కంపెనీలకి మాత్రం వడ్డీ రేటే ప్రాణం.

దానికి సాక్ష్యం మన కళ్ళ ముందే ఉంది. 2020 మార్చిలో ఫెడ్ వడ్డీని సున్నా దగ్గరికి దించింది, మే నెలకల్లా మన ఆర్బీఐ కూడా రెపో, అంటే బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 4 శాతం చేసింది, డబ్బు చౌకైపోయింది. 2021 జులైలో జొమాటో 76 రూపాయలకి ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి, వచ్చి నవంబర్‌కి రెట్టింపు దాటింది. అదే నవంబర్‌లో పేటీఎం 2,150కి వచ్చి మొదటిరోజే 27 శాతం పడింది. 2022 మార్చిలో ఫెడ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టింది, మేలో ఆర్బీఐ కూడా మొదలుపెట్టింది, జులైకల్లా జొమాటో 40 దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది కాలంలో జనం బిర్యానీ ఆర్డర్లు ఇవ్వడం ఆపేశారా? లేదు, ఆర్డర్లు పెరుగుతానే ఉన్నాయి. మారింది చీటీ పాట. టెక్ షేర్లు ఎక్కువుండే అమెరికా నాస్‌డాక్ సూచీ కూడా ఆ ఒక్క 2022లోనే మూడో వంతు పోయింది. ఈ రకం కంపెనీ కొనాలంటే వడ్డీ చూడటంతో పాటు ఇంకోటి చూడాలి, కొత్తగా ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఉన్న నగదుతో ఎన్నేళ్ళు బతకగలదు అని. వడ్డీలు ఎక్కువున్న కాలంలో అది దాటగలిగిన కంపెనీకే తర్వాత పోటీ తగ్గి లాభం వస్తుంది, ఇది నేను నమ్మే మాట.

ఇంకో జాగ్రత్త, వడ్డీ ఎందుకు తగ్గిస్తున్నారో కూడా చూడాలి. ధరలు అదుపులోకొచ్చాయి కాబట్టి తగ్గిస్తే అది పండగ. ఉద్యోగాలు పోతున్నాయి, వ్యాపారం కూలుతోంది కాబట్టి తగ్గిస్తే అది జ్వరానికి మాత్ర. 2001లో ఫెడ్ ఏడాది పొడుగునా వడ్డీ తగ్గించుకుంటా పోయింది, టెక్ షేర్లు 2002 అక్టోబర్ దాకా పడుతూనే ఉన్నాయి.

ఆ దెబ్బ నాకూ తగిలింది, చెప్తా. 2000 ఫిబ్రవరిలో నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు కొన్నా, పేరు వద్దు. మా ఆవిడ రెండు గాజులు బ్యాంకులో పెట్టి ఆ డబ్బుతో కొన్నా. కంపెనీకి అమెరికా ఆర్డర్లు వస్తున్నాయి, ఐటీయే భవిష్యత్తు అని నా నమ్మకం, ఆ నమ్మకం తప్పు కాలేదు, ఈ పాతికేళ్ళలో ఐటీ ఎట్లా పెరిగిందో అందరికీ తెలుసు. తప్పయింది రేటు. నాస్‌డాక్ 2000 మార్చి 10న 5,048 దగ్గర ముగిసి, రెండున్నరేళ్ళలో నాలుగింట మూడు వంతులకి పైగా పోగొట్టుకుంది, మళ్ళీ ఆ స్థాయికి రావడానికి 2015 అయింది. నా షేరు ఏడాదిన్నరలో పదో వంతుకొచ్చింది. గాజులకి వడ్డీ మాత్రం నెలనెలా నడుస్తానే ఉంది. గాజులు విడిపించడానికి నాకు మూడేళ్ళు పట్టింది, ఆ మూడేళ్ళూ పెళ్ళిళ్ళకి పేరంటాళ్ళకి ఆమె ఉట్టి గాజు గాజులతోనే పోయింది, ఒక్క మాట అనలేదు. అందుకే చేతులెత్తి చెప్తున్నా, గోల్డ్ లోను తీసి, పర్సనల్ లోను తీసి షేర్లు కొనొద్దు. అప్పు వడ్డీ నెలనెలా వస్తుంది, ఆర్థిక చక్రం తిరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ రాసివ్వరు.

ఇప్పుడు నీ ఎలక్ట్రానిక్స్ షేరు. పొద్దున ఐదున్నరకి రేణిగుంట రోడ్డు మీద నిలబడితే ఫ్యాక్టరీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతా ఉంటాయి, కిటికీల పక్కన నిద్రమత్తులో తలలు వాల్చిన ఆడపిల్లలు, మెడలో ఐడీ కార్డులు. చూస్తే సంతోషమేస్తుంది, మన పిల్లలకి మన ఊర్లోనే పని దొరికింది. నువ్వు దాన్ని చూసే కొన్నానన్నావు. కానీ బస్సులు నిండాయంటే సరుకు తయారవుతోందని మాత్రమే తెలుస్తుంది, లాభం ఎవరికి పోతోందో తెలీదు. డిక్సన్ లాంటి కంపెనీలు వేరే బ్రాండ్లకి టీవీలు ఫోన్లు చేసిపెడతాయి, వందకి నాలుగు రూపాయల దరిదాపుల్లో ఆపరేటింగ్ మార్జిన్, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వచ్చే 20, 25తో పోల్చే పని లేదు. ఇక్కడ డబ్బు సంపాదించేది సరుకు ఎంత వేగంగా తిరుగుతుందో దాంతోనే, మన పప్పుల హోల్‌సేల్ అంగడి లెక్క. కాబట్టి ఇక్కడ చూడాల్సిన ఆర్థిక వార్తలు వేరు. మన ఊరి మనిషి చేతిలో డబ్బు ఆడుతోందా, టీవీ ఈఎమ్ఐ వడ్డీ ఎంత, 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీలకి ఏసీలకి జీఎస్టీ 28 నుంచి 18 శాతం అయింది గదా దానివల్ల అమ్మకాలు నిలిచాయా లేక ఒక దసరా దీపావళితో అయిపోయాయా, ఫోన్లకి 2020లో పెట్టిన పీఎల్ఐ ప్రోత్సాహం, అంటే ఇక్కడ తయారుచేసి అమ్మినదాన్ని బట్టి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, గడువు అయిపోయాక ఆ నాలుగు రూపాయల్లో ఎంత మిగులుతుంది, ఇవి. ఇక్కడ రూపాయి పడితే ఐటీ కంపెనీకి ఉల్టా, చిప్పులు, ప్యానెళ్ళు బయట్నుంచి డాలర్లిచ్చి తెచ్చుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. అంటే ఒకే రూపాయి నీ దగ్గరున్న మూడు షేర్లలో రెంటిని ఒక వైపుకి, మూడో దాన్ని ఇంకో వైపుకి లాగుతోంది, నువ్వేమో మూడింటినీ టెక్నాలజీ అని ఒకే సంచీలో వేసుకున్నావు.

ఇక చిప్పులు, మెమరీ కంపెనీలైతే నాకు బాగా అర్థమైన వ్యాపారం, ఎందుకంటే అది అచ్చం తోతాపురి పల్పే. ఒక ఏడాది పల్పుకి గిరాకీ వస్తుంది, రేటు బాగుందని ఫ్యాక్టరీలన్నీ దండిగా తీసి 215 కిలోల డ్రమ్ముల్లో నింపి పెడతాయి, బయ్యర్లు కూడా దొరకదేమోనని అవసరానికి మించి తీసుకుంటారు. మరుసటి ఏడాదికి ఇక్కడి గోడౌన్లూ నిండుగానే ఉంటాయి, అక్కడి గోడౌన్లూ నిండుగానే ఉంటాయి. 2025లో చూశాం గదా, పాత పల్పు అమ్ముడుపోక కాయకి అడిగే దిక్కు లేదు, కిలో 12 అని ప్రకటించి అందులో 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తానని చెప్పాల్సొచ్చింది, ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లలో కాయ మగ్గిపోయింది. జనం మామిడి జ్యూసు తాగడం మానలేదు, గోడౌన్లో సరుకు మిగిలిపోయింది, అంతే. 2021లో చిప్పులు దొరక్క కార్లు ఆగిపోయాయి, అందరూ రెట్టింపు ఆర్డర్లు పెట్టారు, 2022 ఆఖరుకి గోడౌన్లు నిండాయి, 2023లో మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ లాంటి పెద్ద అమెరికా కంపెనీ కూడా నష్టాలు చూపించింది. మళ్ళీ ఏఐ సర్వర్లకి మెమరీ కావాల్సొచ్చి 2025 ఆఖర్లో రేట్లు పైకి లేచాయి. ఈ రకం కంపెనీల్లో లాభాలు పొంగిపోతున్నప్పుడు పీఈ, అంటే షేరు రేటు ఏడాది లాభానికి ఎన్ని రెట్లో ఆ లెక్క, తక్కువగా, చౌకగా కనబడుతుంది, అప్పుడే ఎక్కువ ప్రమాదం. నష్టాల్లో ఉండి, గోడౌన్లో సరుకు తగ్గుతా ఉన్నప్పుడు కొనాలి, దానికి గుండె కావాలి. బ్యాలెన్స్ షీట్లో ఇన్వెంటరీ, అంటే ఇంకా అమ్ముడుపోని సరుకు, అనే ఒక్క లైను వరసగా నాలుగు క్వార్టర్లు (క్వార్టరంటే మూడు నెలలు) రాసుకో, అమ్మకాల కన్నా అది వేగంగా పెరుగుతోందంటే పల్పు డ్రమ్ములు పేరుకుంటున్నాయని అర్థం.

మరి రోజూ ఇదంతా చూస్తా కూర్చోవాలా అంటే అక్కర్లేదు. నేను మూడు నెలలకి ఒక ఆదివారం కూర్చుంటా. యాక్సెంచర్ అని మన ఐటీ కంపెనీలు చేసే పనే చేసే పెద్ద విదేశీ కంపెనీ ఉంది, దాని లెక్కల సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలవుతుంది కాబట్టి వాళ్ళ రిజల్ట్స్ మన కంపెనీల కన్నా ముందే, మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లో వచ్చేస్తాయి, కస్టమర్లు ఖర్చు పెడుతున్నారా బిగబట్టారా అనేది అందులో తెలిసిపోతుంది. ఆ తర్వాత అమెరికా పెద్ద బ్యాంకులు తమ రిజల్ట్స్‌లో టెక్నాలజీ ఖర్చు గురించి ఏమన్నాయో చూస్తా, తర్వాత మనవాళ్ళవి. అమెరికా పదేళ్ళ బాండు వడ్డీ ఒకటి, అక్కడి నిరుద్యోగం శాతం ఒకటి, మన ఆర్బీఐ మాట ఒకటి, అంతే. రోజువారీ డాలర్ రేటు చూడటం ఎప్పుడో మానేశా.

అన్నీ చూశాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది, ఇదంతా రేటులో ముందే కలిసిపోయిందా అని. పీఈ 30 అంటే నువ్వు పెట్టే వంద రూపాయలకి కంపెనీ ఈ ఏడాది 3 రూపాయల 33 పైసలు సంపాదిస్తోంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఆరు ఆరున్నర వస్తుంటే ఆ తేడాని ఎదుగుదలే పూడ్చాలి. ఎదుగుదల ఏడాదికి 3, 4 శాతమే ఉన్న కంపెనీకి 30 పీఈ ఎందుకివ్వాలి? అదే కంపెనీ అందరూ ఛీ అన్నప్పుడు 20కో 18కో దొరికితే, అప్పు లేదు, నగదు ఉంది, డివిడెండ్ ఇస్తోంది, అప్పుడు ఆలోచించొచ్చు. ఏ కంపెనీ కొనాలో వ్యాపారం చూసి తేల్చుకో, ఎంత రేటుకి కొనాలో తేల్చుకోవడానికి ఆర్థిక పరిస్థితి చూడు. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. నేనైతే ఒకేసారి కొనను, పెట్టదల్చుకున్నది ఆరు ముక్కలు చేసి రెండు క్వార్టర్ల రిజల్ట్స్ మధ్యలో ఒక్కో ముక్క పెడతా, మధ్యలో నా లెక్క తప్పని తెలిస్తే మిగతా ముక్కలు ఆగిపోతాయి.

నీ మూడు షేర్లు ఇప్పుడే అమ్మేయమని నేను చెప్పను, ఉంచుకోమనీ చెప్పను, నువ్వు ఏ రేటుకి కొన్నావో రాయలేదు, ఆ డబ్బు అప్పుదా సొంతమా కూడా రాయలేదు. ఒక పని చెయ్యి. మూడు కంపెనీల యాన్యువల్ రిపోర్టులు వాళ్ళ సైట్లోనే ఉచితంగా ఉంటాయి, దింపుకో. ఐటీవి రెండింట్లో దేశం వారీగా, రంగం వారీగా ఆదాయం ఇచ్చిన పట్టిక వెతుకు, మొదటి అయిదుగురు, మొదటి పదిమంది కస్టమర్ల నుంచి ఎంత శాతం వస్తోందో చూడు. ఎలక్ట్రానిక్స్ దాంట్లో ఇన్వెంటరీ, రావాల్సిన బాకీలు, ప్రభుత్వ ప్రోత్సాహం కింద చూపిన మొత్తం, ఈ మూడు లైన్లు రెండేళ్ళవి పక్కపక్కన రాసుకో. ఒక గంట పట్టే పని. రాశాక ఆ అంకెలు, నీ కొన్న రేటు ఇక్కడే పెట్టు, ఆదివారం తీరిగ్గా చూసి ఒక్కోదానికీ విడిగా చెప్తా.